కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్‌ను మొదటి నుంచి ఎలా వేసుకోవాలి?

విజయవాడ గవర్నర్‌పేటలోనో, గుంటూరు అరండల్‌పేటలోనో కొన్న కొత్త ల్యాప్‌టాప్‌ను తెరవగానే విండోస్‌తో పాటు కొన్నాళ్లే పనిచేసే ట్రయల్ యాంటీవైరస్, అడగని గేములు, తయారీ సంస్థ సొంత యాప్‌లు కనిపిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా తీసేస్తూ కూర్చోవడం కన్నా డిస్కును చెరిపి విండోస్ 11ను కొత్తగా వేసుకోవడమే నయం. వేయడం పెద్ద పని కాదు. జాగ్రత్త అంతా చెరపడానికి ముందే అవసరం.

ముందుగా సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిచి, విండోస్ యాక్టివ్‌గా ఉన్నదీ లేనిదీ, అది హోమ్ ఎడిషనా ప్రొ ఎడిషనా చూసుకోండి. విండోస్‌తో సహా అమ్మే ల్యాప్‌టాప్‌లలో లైసెన్సు కీ సాధారణంగా మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే (యంత్రంలోనే శాశ్వతంగా ఉండే సాఫ్ట్‌వేర్‌లో) ఉంటుంది కాబట్టి, అదే ఎడిషన్‌ను మళ్లీ వేసి ఇంటర్నెట్ ఇవ్వగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. బిల్లులో ‘డాస్’ అని ఉంటే మాత్రం సంగతి వేరు: అలాంటి యంత్రంతో విండోస్ లైసెన్సు రాదు, దుకాణంలో ‘ఊరికే వేసి ఇచ్చిన’ విండోస్‌కూ లైసెన్సు ఉండదు, విడిగా కొనుక్కోవలసిందే. ల్యాప్‌టాప్‌తో పాటు ఆఫీస్ కూడా వచ్చి ఉంటే, వర్డ్ తెరిచి మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ చేసి దాన్ని ఆ ఖాతాకు ఇప్పుడే జతచేసుకోండి. చాలామంది మరిచేది దీన్నే.

తరువాత కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి, మైక్రోసాఫ్ట్ సైటులో దొరికే, విండోస్ వేసే పెన్‌డ్రైవ్‌ను తయారుచేసే మీడియా క్రియేషన్ టూల్‌ను నడపండి. పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ పోతాయి. అది పూర్తయ్యాక తయారీ సంస్థ సైటులో మీ మోడల్‌కు ఇచ్చిన వైఫై డ్రైవర్‌ను (ఆ భాగాన్ని విండోస్ గుర్తించి నడిపేందుకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను), ఇంటెల్ యంత్రమైతే స్టోరేజ్ డ్రైవర్‌ను కూడా దింపి, కుదించిన ఫైళ్లను విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంచండి.

ఇక చార్జర్ తగిలించి యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తూ, దేని నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూను తెరిచే కీని నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవో యంత్రాల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 పనిచేస్తాయి. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే సెటప్ మొదలవుతుంది. కీ అడిగితే ‘నా దగ్గర కీ లేదు’ అన్నదాన్ని నొక్కి, మీ ఎడిషన్‌నే ఎంచుకోండి.

డిస్కుల జాబితా వచ్చే తెర దగ్గర నిదానించండి. 11వ తరం ప్రాసెసర్ల నుంచి వచ్చిన చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఈ జాబితా ఖాళీగా కనిపించి, డిస్కు పాడైందేమోనన్న కంగారు పుట్టిస్తుంది. ‘లోడ్ డ్రైవర్’ నొక్కి మీరు దాచిన స్టోరేజ్ డ్రైవర్ ఫోల్డర్‌ను చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. పెన్‌డ్రైవ్ కూడా ఒక డిస్కుగానే కనిపిస్తుంది కనుక సైజు చూసి, లోపలి డిస్కు పార్టిషన్లను (డిస్కును విభజించిన భాగాలను) మాత్రమే తొలగించి, మిగిలిన ఖాళీ స్థలాన్ని ఎంచుకుని ముందుకు సాగండి. దీంతో కంపెనీ ఇచ్చిన రికవరీ భాగం కూడా పోతుంది. అది కావాలనుకునేవారు ముందే మరో పెన్‌డ్రైవ్‌లో రికవరీ డ్రైవ్ చేసుకోవాలి.

హోమ్ ఎడిషన్ సెటప్ ఇంటర్నెట్ లేనిదే ముందుకు కదలదు. వైఫై కనిపించకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి ఫోన్ ఇంటర్నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా సరిపోతుంది. డెస్క్‌టాప్ వచ్చాక విండోస్ అప్‌డేట్‌ను ఇక ఏమీ మిగలనంత వరకు నడిపి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్నవాటికి తయారీ సంస్థ డ్రైవర్లు వేయండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ చేసినప్పుడు డిస్కు ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేకుండా డిస్కుకు వేసే తాళం) దానంతటదే ఆన్ కావచ్చు కాబట్టి, ఆ ఖాతాలో కనిపించే 48 అంకెల రికవరీ కీని కాగితంపై రాసి బిల్లుతో పాటు దాచుకోండి.