ఎముకల్లో మందను చదవడం – 3వ భాగం: ఏ వయసులో కోశారు?

గత భాగంలో ఒక పాత ఊరి తవ్వకంలో దొరికిన మేక, గొర్రె, జింక ఎముకలను వేరు చేసి మూడు డబ్బాల్లో పెట్టుకున్నాం. ఈ భాగంలో మేకల డబ్బా ఒక్కటే తెరుస్తాం. దాన్నుంచి రాబట్టాల్సింది ఒకటే: ఆ ఊరివాళ్ళు కొండల్లో మేకలను వేటాడి తెచ్చారా, మందగా పెంచి కోశారా?

చాలాకాలం ఎముక సైజు చూసి దీనికి జవాబు చెప్పేవారు. మచ్చికైన జంతువు చిన్నదవుతుంది కాబట్టి ఎముకలు చిన్నగా ఉంటే పెంపకమే అనుకునేవారు. పశ్చిమ ఇరాన్‌లో, కెర్మాన్‌షా ప్రాంతంలోని గంజ్ దారే దిబ్బ ఈ లెక్కను తలకిందులు చేసింది. సుమారు 10,000 ఏళ్ళ నాటి ఆ ఊళ్ళో మేకల ఒళ్ళు అడవి మేకలతో పోలిస్తే తగ్గలేదు. కానీ పోతులను చాలావరకు రెండేళ్ళ వయసులోపే కోశారు, ఆడమేకలను అంతకంటే చాలాకాలం బతకనిచ్చారు. జంతువుల ఎముకలను పరిశోధించే మెలిండా జీడర్, బ్రయన్ హెస్సీ 2000లో ఇది ప్రచురించారు. మార్పు మేక ఒంట్లో కనబడకముందే మనిషి నిర్ణయంలో కనబడుతుందన్నమాట. ఆ నిర్ణయాన్ని ఎముకల నుంచి బయటికి తీయడమే ఈ పాఠం.

ముందు వయసు. పిల్ల జంతువు పొడవాటి ఎముకకు రెండు కొనలూ విడి ముక్కలుగా ఉంటాయి. కొనకూ, కాండానికీ (ఎముక నడిమి భాగం) మధ్య మృదులాస్థి ఉంటుంది. ఎదుగుదల ఆగాక కొన కాండానికి అతుక్కుపోతుంది. ఒక్కో కొన ఒక్కో వయసులో అతుక్కుంటుంది కాబట్టి మేకకు నాలుగు గుంపులు చేసుకుంటే చాలు. భుజాస్థి (ముందు కాలి పై ఎముక) కింది కొన ఏడాదిలోపు అతుకుతుంది. గిట్టకు పైన ఉండే మొదటి వేలి ఎముక 12 నుంచి 18 నెలల మధ్య, వెనక కాలి అంతర్జంఘిక (మోకాలి కింది పెద్ద ఎముక) కింది కొన, కరభాస్థి (ముందు కాలిలో వేలి ఎముకలకు పైన ఉండే పొడవాటి ఎముక) కింది కొన 18 నుంచి 30 నెలల మధ్య అతుకుతాయి. రత్ని (ముందు కాలిలో భుజాస్థికి కింద ఉండే ఎముక) కింది కొన, మడమ ఎముక 30 నెలలు దాటాకే, కొన్నిట్లో నాలుగేళ్ళకు. మేత, జాతిని బట్టి ఇవి కొంత అటూఇటూ జరుగుతాయి. అందుకే నెలలు కాకుండా గుంపుల పేర్లే రాయండి.

అతుకు గీత ఇంకా కనిపిస్తున్న ఎముకను అతుక్కున్నదిగానే లెక్కించండి. ఈ నియమం నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టుకోండి, సగంలో మార్చొద్దు. విడిగా దొరికిన కొననూ, కొన ఊడిన కాండాన్నీ రెండు జంతువులుగా లెక్కేస్తే పిల్లల సంఖ్య రెట్టింపవుతుంది. రెండింటిలో ఏ లెక్క ఎక్కువుంటే అదొక్కటే తీసుకోండి.

అభ్యాసానికి ఒక ఊహా తవ్వకం. మొదటి గుంపులో 40 ముక్కలు, అతుక్కున్నవి 36, అంటే 90 శాతం. రెండో గుంపులో 50కి 38, అంటే 76. మూడోదాంట్లో 45కి 23, అంటే 51. నాలుగోదాంట్లో 30కి 12, అంటే 40. ఏడాది దాటిన దగ్గర్నుంచి రెండున్నరేళ్ళ దాకా 39 పాయింట్లు పడిపోయింది. ఆ తర్వాత 11 మాత్రమే. గుంపుల మధ్య ముక్కల సంఖ్యను ఎన్నడూ పోల్చకండి. ఒక మేకకు భుజాస్థులు రెండు, మొదటి వేలి ఎముకలు ఎనిమిది. శాతాలే పోల్చాలి. గుంపులో 20 కంటే తక్కువ ముక్కలుంటే శాతం వేయకుండా అంకెలే రాయడం మంచిది.

ఇక్కడే తొందరపడి "పెంపకం" అని రాసేస్తారు. ఆగాలి. వేట మరీ ఎక్కువైన చోట పెద్ద జంతువులు కరువై, వేటగాళ్ళకూ లేత వయసువే దొరుకుతాయి. వయసు ఒక్కటే సాక్ష్యం కాదు. చంపిన లేతవాటిలో పోతులు ఎన్ని, ఆడవి ఎన్ని అన్నది తేలాలి.

మేకల్లో పోతు ఎముక స్పష్టంగా వెడల్పు. కరభాస్థి కింది కొన వెడల్పును వెర్నియర్ కాలిపర్‌తో పదోవంతు మిల్లీమీటరు దాకా కొలవండి. అతుక్కున్నవీ అతుక్కోనివీ రెండూ కొలవాలి. అయితే మరీ చిన్న పిల్లల ఎముకలు పక్కన పెట్టండి, అవి ఇంకా ఎదగలేదు. కొలతలను గ్రాఫ్ కాగితం మీద చుక్కలుగా పెట్టి, అతుక్కున్నవాటికి నల్ల చుక్క, అతుక్కోనివాటికి ఖాళీ సున్నా వేయండి.

మన ఊహా తవ్వకంలో కరభాస్థులు 30 అనుకుందాం. నల్ల చుక్కలు 16. వాటిలో 14 సన్నటి వైపు, రెండే వెడల్పు వైపు. ఖాళీ సున్నాలు 14. వాటిలో 11 వెడల్పు వైపు, మూడే సన్నటి వైపు. మొత్తం కలిపితే సన్నవి 17, వెడల్పువి 13. పుట్టుకలో పోతులూ ఆడవీ దాదాపు సమానం కాబట్టి ఇది నమ్మదగిన మంద. పోతులు లేతగా పోయాయి, ఆడవి మిగిలాయి. ఈ రోజుకూ మేకల కాపరి చేసేది ఇదే. మందకు ఒకటి రెండు పోతులుంచుకుని మిగతా పోతుపిల్లలను మాంసానికి పంపేస్తాడు. ఈత ఈనే ఆడమేకను అమ్మడానికి మాత్రం చేయి రాదు.

పాత పొరపాటు ఎక్కడ జరిగిందో ఇప్పుడు తెలుస్తుంది. అతుక్కున్న 16 ఎముకలే కొలిస్తే అవి దాదాపు అన్నీ ఆడవి. వాటి సగటును వేటాడిన పెద్ద పోతుల సగటుతో పోలిస్తే జంతువే కుదించుకుపోయినట్టు కనబడుతుంది. మారింది ఒళ్ళు కాదు, కోత. కెర్మాన్‌షా ప్రాంతంలోనే గంజ్ దారే కంటే పాతదైన ఆసియాబ్‌లో బొమ్మ దీనికి ఎదురుగా ఉంటుంది. అక్కడ చంపినవాటిలో ఎదిగిన పోతులు ఎక్కువ. ఒక్క దెబ్బకు ఎక్కువ మాంసం చూసుకునే వేటగాడి ఎంపిక అది.

నేలలో ఎముకలు సమానంగా మిగలవని మరవకండి. లేత కొనలు గుల్లగా ఉంటాయి, కుక్కలు ముందు వాటినే కొరుకుతాయి. మట్టిని 4 మిల్లీమీటర్ల జల్లెడలో పట్టకపోతే విడి కొనలు, చిన్న వేలి ఎముకలు చేతికి రావు. నష్టం పసిగట్టడానికి మంచి గుర్తు ఒకటుంది. శాతాలు గుంపు గుంపుకూ తగ్గాలి, లేదా అలాగే ఉండాలి. ఎక్కడైనా పెరిగాయంటే ఎముకలు పోయాయన్నమాట. అలాంటి చోట పళ్ళ గాట్లున్న ముక్కలెన్నో లెక్కపెట్టి, ఆ సంఖ్యను శాతాల పక్కనే రాయండి.

ఎముకలతో సంబంధం లేని సాక్ష్యం కూడా వెతకండి. గంజ్ దారేలో మట్టి ఇటుకల మీద మేక గిట్టల అచ్చులున్నాయి. ఇటుకలు ఆరబెట్టిన చోట మేకలు తిరిగాయంటే అవి కొండ మీద లేవు. మన దగ్గర పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బలో (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు కాలిన పేడ పొరల్లో పశువుల గిట్టల అచ్చులు, దొడ్డి చుట్టూ పాతిన దుంగల గుంతలు దొరికాయి. ఉట్నూరు చాలా తర్వాతి కాలానిది, అక్కడివి ఆవులు, ఎద్దులు. అయినా దొడ్డి నేలలో ఎలా కనబడుతుందో నేర్చుకోవడానికి అది మనకు దగ్గరి ఉదాహరణ.

వచ్చే భాగానికి ముందు ఈ లెక్క చేసి ఉంచండి. మొదటి గుంపు 32కి 24 అతుక్కున్నవి, రెండోది 60కి 33, మూడోది 28కి 18, నాలుగోది 21కి 9. మూడో గుంపులో అతుక్కున్న కరభాస్థుల్లో సన్నవి, వెడల్పువి సగం సగం. శాతాలు వేయండి, ఎక్కడ తేడా కొడుతోందో గుర్తించండి. వేటా, పెంపకమా, ఈ ఎముకలతో ఏదీ తేల్చలేమా అన్నది కారణంతో సహా రెండు వాక్యాల్లో రాయండి. నాలుగో భాగంలో ఇదే మందను దవడ పళ్ళతో సరిచూస్తాం. ఈలోగా కింది దవడలో మూడు మడతల పాలపన్నునూ, చివరి దంతాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ మూడేసి మడతలే కాబట్టి ఒకదాన్ని మరొకటనుకుంటే ఏడాది పిల్ల మూడేళ్ళ మేకైపోతుంది.