ఆటో మోడ్ వదిలే ముందు ఒక్కసారి చూసుకోండి

ప్రయాణం దగ్గరపడింది, ఈసారి చిన్న డిజిటల్ కెమెరాను ఆటోలో పెట్టకుండా వాడదామనుకుంటున్నారా? అయితే ఇవి ముందే చూసుకోండి.

• పాత సెట్టింగులు మిగిలిపోయాయేమో చూడండి. ఎక్కువ ఫొటోలు పోయేది ఇక్కడే. రాత్రి పెట్టిన ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురును మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) −2 చాలా మోడళ్లలో కెమెరా ఆఫ్ చేసినా పోదు. నేనోసారి పూటంతా అలాగే తీశాను. ఎండలో స్క్రీన్ ఎలాగూ సరిగ్గా కనపడదు కదా, ఇంటికొచ్చి చూస్తే అన్నీ నల్లటి మొహాలే.

• అందుకే స్క్రీన్‌ని నమ్మకండి, హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎంత, వెలుతురు ఎంత అని చూపే గ్రాఫ్) ఆన్ చేసుకోండి. గీత కుడి అంచుకి గుద్దుకుంటే తెల్లటి చోట్ల వివరాలు పోయినట్టే.

• మొదటిరోజే ఎం మోడ్ (అన్నీ మనమే పెట్టుకునేది) వద్దు. పి మోడ్‌లో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె), కాంపెన్సేషన్ మాత్రం మీరు మార్చండి, మిగతాది కెమెరా చూసుకుంటుంది. టెన్షన్ సగం తగ్గుతుంది.

• షట్టర్ స్పీడ్ (ఫొటో తీసేటప్పుడు షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) మీద కన్నేసి ఉంచండి. కూర్చున్న మనిషికి 1/60 సెకను సరిపోవచ్చు, పరుగెత్తే పిల్లలకి 1/500 కావాలి.

• జూమ్ చేస్తే చాలా లెన్సుల్లో ఎపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) చిన్నదైపోతుంది; ఎఫ్ అంకె పెరిగితే రంధ్రం చిన్నదైనట్టు. ఎఫ్ 2.8 నుంచి 5.6కి వెళ్తే వచ్చే వెలుతురు నాలుగో వంతే. మసక వెలుతురులో జూమ్ బదులు రెండడుగులు ముందుకు వేయండి.

• ఐఎస్ఓ ఆటోలోనే ఉంచితే గరిష్ఠ పరిమితి పెట్టండి. చిన్న సెన్సర్లలో (ఫొటోని పట్టే చిప్) 1600 దాటితే గరుకుదనం బాగా కనిపిస్తుంది. అయినా కదిలిపోయిన ఫొటో కంటే గరుకు ఫొటోనే నయం.

• వైట్ బ్యాలెన్స్ (వెలుతురుకి తగ్గట్టు రంగులు సరిచేసేది) ఆటోలోనే వదిలేయండి.