బైక్‌కి కొత్త క్యారియర్ చేశారా? ఎంతమంది కొంటారో, ఎంతకు అమ్మాలో తేల్చుకోవడం ఎలా?

పాల క్యాన్లు గానీ, రొయ్యల మేత బస్తాలు గానీ తగిలించుకుని, పనైపోగానే మడిచేసే ఇనుప సైడ్ క్యారియర్ ఒకటి చేశారనుకుందాం. స్ప్లెండర్‌కి బిగించి ఊళ్లో ఒక రౌండ్ కొట్టగానే నలుగురూ ఆపి "భలే ఉందన్నా" అంటారు. ఆ మాట నమ్మి వంద పీసులకు సరిపడా ఇనుప ట్యూబు కొనేయకండి. మెచ్చుకోవడానికి డబ్బులేమీ ఖర్చు కావు.

కొనేది ఎవరు?

"బైకున్న ప్రతి ఒక్కరూ" అని మాత్రం అనుకోవద్దు. నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి ఆఫీసుకెళ్లే కుర్రాడికి దీన్ని ఊరికే ఇచ్చినా బిగించుకోడు. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు చెరువులకు మేత మోసేవాళ్లు ఒక రకం, తెల్లారకముందే పల్లెల్లో పాలు పోయించుకుని టౌనుకు తెచ్చేవాళ్లు ఇంకో రకం. మేత బస్తా సాధారణంగా 25 కిలోలు. 40 లీటర్ల పాల క్యాన్ నిండితే పాలే 41 కిలోల దాకా తూగుతాయి, క్యాన్ బరువు అదనం. ఇద్దరికీ ఒకే సామాను చేయబోతే ఎవరికీ సరిగ్గా కుదరదు. ముందు ఒకరిని పట్టుకోండి.

పాలవాళ్లనే ఎంచుకున్నారనుకుంటే, పొద్దున్నే పాల కేంద్రానికి ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడి చీటీ మీద మూడు గడులు గీసుకోండి. మొత్తం బైకులు, తాడుతోనో పాత ట్యూబు ముక్కతోనో కట్టుకున్నవి, వెల్డింగ్ షాపులో స్టాండు చేయించుకున్నవి. మూడో గడి మీదే కన్నుండాలి, ఎందుకంటే ఆ పనికి ఇప్పటికే డబ్బు పెట్టినవాళ్లు అందులోనే ఉంటారు. తాడుతో నెట్టుకొస్తున్నవాడు మీ దారికి రావాలంటే చాలా టైం పడుతుంది. మీకు అసలు పోటీ పెద్ద కంపెనీలు కాదు, వీధి చివర వెల్డింగ్ షాపే.

"ఇలాంటిది వస్తే కొంటావా?" అని అడక్కండి. మొహమాటానికి "ఎందుక్కొనం!" అనేస్తారు. జరిగిపోయినదాని గురించి అడగండి. "ఈ స్టాండు ఎప్పుడు చేయించావన్నా? ఎంతైంది? మళ్లీ వెల్డింగ్ పెట్టించావా?" అంటే నిజాలు బయటికొస్తాయి. స్టాండు ఇనుప యాంగిల్ అంచు తగిలి పిక్క మీద గీరుకున్న చోటు చూపిస్తారు. "మా ఆమె ఎనకాల కూర్చోవాలంటే ఇదంతా ఊడదీయాల" అంటారు. మడిచే క్యారియర్‌కి గిరాకీ ఉండేది సరిగ్గా అక్కడే: పనికీ, పెళ్లికీ ఒకటే బండి ఉన్న ఇంట్లో.

ధర లెక్క

చాలామంది ఇనుము, కూలి, పెయింటు కలిపి పైన కొంత వేసి రేటు పెట్టేస్తారు. నా సలహా, కొనేవాడి వైపు నుంచి రండి. పీటర్ వాన్ వెస్టెన్‌డోర్ప్ అనే డచ్ ఆర్థికవేత్త 1976లో నాలుగు ప్రశ్నల పద్ధతి ఒకటి చెప్పాడు. మన మాటల్లో అవి ఇలా ఉంటాయి: ఎంతకిస్తే చవక సరుకేమోనని అనుమానం వస్తుంది? ఎంతైతే గిట్టుబాటు బేరం అంటావు? ఎంతైతే ఎక్కువే అనిపించినా ఆలోచిస్తావు? ఎంత దాటితే చూడను కూడా చూడవు? పాతికమందిని అడిగితే జవాబులు ఎక్కడ గుంపుగా పడుతున్నాయో కనిపిస్తుంది.

ఆ గుంపు 1,180 దగ్గర పడిందనుకోండి. టూ వీలర్ యాక్సెసరీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం. పన్ను 1,180లో 18 శాతం అనుకుంటే లెక్క తప్పుతుంది. 1.18తో భాగిస్తే 1,000 వస్తుంది, పన్ను 180. ఆ వెయ్యిలో దుకాణానికి 250, బిగించే మెకానిక్‌కి 100 పోతే మీ చేతికొచ్చేది 650. తయారీ, ప్యాకింగ్, రవాణా, వాపసు వచ్చే పీసుల నష్టం అన్నీ అందులోనే సర్దుకోవాలి. కుదరకపోతే డిజైన్ తగ్గించండి, లేదా వదిలేయండి. మన ఆంధ్రప్రదేశ్‌లోనే సరుకు అమ్ముతూ ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటనివాళ్లకు మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అప్పుడు కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. ప్యాక్ చేసి అమ్మితే ఎమ్మార్పీ, తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం ముద్రించాలి.

ఇంకో జాగ్రత్త. ఫ్రేమ్‌ని కోసే, వెల్డ్ చేసే పని పెట్టుకోకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల మీద ఆంక్షలు పెడుతుంది. బోల్టులతో బిగేలా, నంబర్ ప్లేటు, టెయిల్ లైటు, ఇండికేటర్లు కనపడేలా ఉంటే మీకూ, కొన్నవాడికీ టెన్షన్ ఉండదు.

డబ్బు చేతులు మారాలి

కొన్ని పీసులు చేసి వారం పాటు వాడుకోమని ఇవ్వండి. తర్వాత వెనక్కి అడగండి. "ఇంకో నాలుగు రోజులుండనీ" అన్నవాడి దగ్గర 200 అడ్వాన్సు అడగండి. ఇచ్చినవాళ్లనే లెక్కేసుకోండి. బంధువులు, క్లాస్‌మేట్లు ఇచ్చిన అడ్వాన్సు మాత్రం పక్కన పెట్టండి.

రెండు రేట్లు పరీక్షించాలంటే ఒకే ఊళ్లో వద్దు, సాయంత్రానికల్లా గొడవ మీ గుమ్మంలో ఉంటుంది. కావలిలో ఒకటి, ఒంగోలులో ఒకటి పెట్టి, కొన్ని వారాల తర్వాత తారుమారు చేయండి. సీజన్ కూడా చూసుకోవాలి. టంగుటూరు, కొండపి వైపు పొగాకు వేలం డబ్బు చేతికొచ్చినప్పుడు జనం ఖర్చు పెట్టినట్టు మిగతా నెలల్లో పెట్టరు. నెల్లూరులో అక్టోబరు, నవంబరు వానల్లో అమ్మకాలు పడిపోతే తప్పు మీ రేటుదే అనుకోవద్దు. రొయ్యల ధర పడిపోయిన నెలలో చెరువుల దగ్గరికి అసలు వెళ్లనే వద్దు.

దుకాణదారు మొదటిసారి తీసుకున్న ఐదు పీసులు గిరాకీ కింద రాసుకోకండి. ఆయనే ఫోన్ చేసి మళ్లీ పంపమంటే అది గిరాకీ. నెల గడిచినా ఫోన్ రాకపోతే వెళ్లి కౌంటర్ పక్కన కాసేపు కూర్చోండి. ఒక్కోసారి రేటు గురించి ఎవరూ అడగరు కూడా. బిగించడానికి ముప్పావు గంట పడుతోందని మెకానిక్కే "వద్దులే అన్నా" అని పంపించేస్తుంటాడు. అప్పుడు ధర తగ్గించడం కాదు, బోల్టులు తగ్గించాలి.