బోర్డు ముట్టుకోకుండా ఆర్డ్యుయినో ప్రోగ్రాం డీబగ్ చేయడం ఎలా

ట్యాంకు మోటారుకి టైమర్ చేద్దామని ఆర్డ్యుయినో ఊనో (మనం రాసిన ప్రోగ్రాంని నడిపే చిప్ ఉన్న చిన్న బోర్డు) మీద చిన్న ప్రోగ్రాం రాశాను. రిలే (మోటారుకి కరెంటు ఇచ్చి, ఆపే స్విచ్) ఆన్ చేయాలి, నిమిషం ఆగాలి, ఆఫ్ చేయాలి, అంతే. 5 సెకన్లు పెట్టి చూస్తే బాగానే పనిచేసింది, నిమిషానికి మార్చగానే ఆన్ అయిన రిలే ఇక ఆఫ్ కాలేదు. రిలే మార్చాను, వైర్లు మార్చాను, చివరికి బోర్డు కూడా మార్చాను. తప్పు కోడ్‌లోనే ఉందని సిమ్‌ఏవీఆర్ అనే ఎమ్యులేటర్‌లో (బోర్డు మీది చిప్‌ని కంప్యూటర్‌లోనే అనుకరించే ప్రోగ్రాం) పెట్టాకే తెలిసింది.

ఉబుంటులో సిమ్‌ఏవీఆర్, దానితో పాటు ఏవీఆర్ (ఊనో చిప్ రకం) కోసం ఉన్న జీడీబీ అనే డీబగ్గర్ (ప్రోగ్రాంని మధ్యలో ఆపి లోపలి విలువలు చూపించేది), రెండూ ఆప్ట్ కమాండ్‌తోనే ఇన్‌స్టాల్ అవుతాయి. ఆర్డ్యుయినో ఐడీఈలో (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్) స్కెచ్ మెనూలోకి వెళ్ళి కంపైల్ అయిన బైనరీని ఎక్స్‌పోర్ట్ చేయండి. వచ్చిన ఫైళ్ళలో మనకి కావాల్సింది హెక్స్ కాదు, ఈఎల్‌ఎఫ్, ఎందుకంటే ఏ సూచన మీ కోడ్‌లో ఏ లైనుదో చెప్పే వివరాలు దాంట్లోనే ఉంటాయి. సిమ్‌ఏవీఆర్‌కి చిప్ పేరు ఏటీమెగా328పీ అని, వేగం 16000000 హెర్ట్జ్ అని చెప్పి, జీ ఆప్షన్ కూడా కలిపి ఆ ఫైల్ ఇవ్వండి. ప్రోగ్రాం వెంటనే పరుగెత్తదు, 1234 పోర్టులో జీడీబీ కోసం కాచుకుని ఉంటుంది. ఇంకో టెర్మినల్‌లో అదే ఈఎల్‌ఎఫ్‌తో జీడీబీ తెరిచి, టార్గెట్ రిమోట్ కమాండ్‌తో ఆ పోర్టుకి కలపండి.

ఇక నా తప్పు దగ్గరికి వద్దాం. డిలేలో (ఇన్ని మిల్లీసెకన్లు ఆగమని చెప్పే ఫంక్షన్) 60 * 1000 అని రాశాను. విలువ చూడడానికి దాన్ని గ్యాప్ అనే అన్‌సైన్డ్ లాంగ్ (నెగెటివ్ లేని 32 బిట్ల సంఖ్య) గ్లోబల్ వేరియబుల్‌లోకి మార్చి, ముందు వోలటైల్ అని చేర్చాను (ఇది లేకపోతే కంపైలర్ వేరియబుల్‌నే తీసేసి, విలువ అడిగితే ఆప్టిమైజ్డ్ అవుట్ అంటుంది). డిలే ఉన్న లైను మీద బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాం ఇక్కడ ఆగాలనే గుర్తు) పెట్టి, కంటిన్యూ కొట్టి, ఆగాక గ్యాప్‌ని ప్రింట్ చేస్తే 60000 రావాలి కదా, 4294961760 వచ్చింది! ఈ చిప్‌కి ఇంట్ (మామూలు పూర్ణసంఖ్య రకం) అంటే 16 బిట్లే, 32767 దాటితే పట్టదు. గుణకారం ఇంట్‌లోనే జరిగి -5536 అయింది, అది అన్‌సైన్డ్ లాంగ్‌లో పడి దాదాపు 49.7 రోజుల విరామం అయిపోయింది. 60యూఎల్ * 1000 (యూఎల్ అంటే అన్‌సైన్డ్ లాంగ్) అని రాస్తే సరిపోయింది. ఐడీఈ సెట్టింగ్స్‌లో కంపైలర్ వార్నింగ్స్‌ని ఆల్‌కి మార్చి ఉంటే ముందే చెప్పేది, మీరు మాత్రం ఇవాళే మార్చుకోండి.

ఏదైనా వేరియబుల్ ఎవరు పాడుచేస్తున్నారో అర్థం కాకపోతే వాచ్ కమాండ్ వాడండి, విలువ మారిన చోటే ప్రోగ్రాం ఆగుతుంది. ర్యామ్ 2048 బైట్లే, అది నిండితే ఒకదాని విలువ మీద ఇంకోటి పడొచ్చు, కాబట్టి పెద్ద అరేలు, స్ట్రింగులు వాడేవాళ్ళకి ఇది చాలా పనికొస్తుంది. ఎల్‌ఈడీలు, స్విచ్‌లు కలిపి సర్క్యూట్ లాగా చూడాలనుకుంటే బ్రౌజర్‌లోనే నడిచే వోక్వీ తేలిక.

ఒక్క జాగ్రత్త: ఇక్కడ సమయం సైకిళ్ళ లెక్కన నడుస్తుంది, గోడ గడియారంతో పోల్చకండి. మోటారు ఆన్ అయినప్పుడు వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ కావడం, లూజు వైరు, ఇలాంటివి సిమ్‌ఏవీఆర్‌లో కనబడవు, వాటిని బోర్డు మీదే చూసుకోవాలి.