పెరటి కోళ్లకు ఏ జాతి మంచిది? ఎలా ఎంచుకోవాలి?

కోడిపిల్లలు కొనడానికి సంతకు వెళ్లే ముందు మీ పెరటిని ఒకసారి పరిశీలించండి. ఇల్లు ఉద్దానంలో జీడిమామిడి, కొబ్బరి తోటల మధ్య ఉంటే కోడికి నీడ, రాలిన ఆకుల కింద పురుగులు, చెదలు కావలసినన్ని దొరుకుతాయి. అయితే ముంగిసలూ గద్దలూ అక్కడే ఉంటాయి. అలాంటిచోట బాగా పరుగెత్తే, ముదురు రంగు కోడి కావాలి. తెల్ల కోడి గద్దకు దూరం నుంచే కనబడుతుంది. చీపురుపల్లి, గజపతినగరం వంటి ఊళ్లలో ప్రహరీ ఉన్న చిన్న పెరడైతే ఆ భయం తక్కువ కానీ, మేత మీరే పెట్టాలి. కాబట్టి తిన్న మేతకు తగ్గట్టు గుడ్లు పెట్టే రకం చూడాలి.

తర్వాత గుడ్లా, మాంసమా తేల్చుకోండి. గుడ్లకైతే గ్రామప్రియ నా మొదటి ఎంపిక. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకమిది. నూకలు, తవుడు, చోళ్లు (రాగులు) కొంత వేస్తూ బయట తిప్పితే ఏడాదికి 160 నుంచి 180 దాకా గోధుమరంగు గుడ్లు పెడుతుంది. అదే సంస్థ తెచ్చిన వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది, గుడ్లు నూరు పైచిలుకు. ఒళ్లు బరువు కాబట్టి కుక్క తరిమితే తప్పించుకోలేదు. ప్రహరీ లేని పెరట్లో దాన్ని వదలవద్దు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ నల్ల మాంసానికి మంచి ధర వస్తుంది. కొనేవారు ఖాయమయ్యాకే దాని జోలికి వెళ్లండి, ఎదుగుదల నెమ్మది.

నాటుకోడిని మాత్రం ఏ పెరట్లోనూ వదులుకోవద్దు. గుడ్లు తక్కువే అయినా పొదగడంలో దానికి సాటి లేదు. గ్రామప్రియ, వనరాజా పెట్టలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. అందుకే రెండు మూడు నాటుపెట్టలను తల్లులుగా ఉంచుకోండి. గంపలో ఎండుగడ్డి పరిచి, పది పన్నెండు గుడ్లు పెట్టి, పెట్టను చీకటి పడ్డాక కూర్చోబెట్టండి. వారం తర్వాత చీకట్లో టార్చి వెలుగుకు గుడ్డు అడ్డం పెడితే లోపల సన్నని ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ కనిపించని గుడ్లు తీసేయండి. 21వ రోజుకు పిల్లలు బయటికి వస్తాయి. ఒక్క సంగతి: గ్రామప్రియ సంకర రకం, దాని గుడ్లు పొదిగిస్తే వచ్చే పిల్లలకు తల్లి దిగుబడి పూర్తిగా రాదు. గుడ్ల కోసం పెంచేవారు కొత్త పిల్లలను బయట నుంచే తెచ్చుకోవాలి.

ఒకరోజు వయసు పిల్లలు చవకే గానీ వాటిలో దాదాపు సగం పుంజులే ఉంటాయి, మొదటి వారాల్లో బల్బు వెచ్చదనమూ కావాలి. కొత్తవారు ఆరు వారాలు దాటినవి కొనడం మేలు. అప్పటికి పుంజు తురాయి పెద్దదై ఎర్రబడుతుంది, పోల్చుకోవచ్చు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. కళ్లు మెరుస్తున్నాయా చూడండి, రెట్ట అంటుకుని వెనుక ఈకలు తడిగా ఉండకూడదు. కొక్కెర (రాణిఖేత్) వ్యాధికి మొదటి వారంలో లసోటా అనే టీకా మందు వేశారా అని అమ్మేవారిని తప్పక అడగండి. ఎనిమిది వారాలకు ఆర్2బి టీకా మీరు పశువైద్యశాలలో వేయించాలి. ఆ తెగులు వస్తే గూడంతా ఖాళీ అవుతుంది, ఏ జాతి కోడినీ వదలదు.