వయసు మీరిన పైన్ బోన్సాయ్: బెరడు కోసిన తీగ, ఎండిన కొమ్మ, రాని చిగురు

ముందు మీ చెట్టు ఏదో తేల్చుకోండి. ఒక ఆకుల గుత్తి తీసి అందులోని సూదులు, అంటే సన్నని ఆకులు, లెక్కపెట్టండి. ఐదుంటే జపాన్ తెల్ల పైన్ అనుకోవచ్చు. అక్కడ దాన్ని గోయోమత్సు, అంటే అయిదాకుల పైన్ అంటారు. రెండుంటే జపాన్ నల్ల పైన్, కురోమత్సు, కావచ్చు. అయితే స్కాట్స్ పైన్‌కూ ముగో పైన్‌కూ కూడా రెండేసి సూదులే, వాటికి నల్ల పైన్ లెక్కలు సరిపడవు. నల్ల పైన్ చిగుళ్లు వేసవి మొదట్లో కోస్తే ఆ ఏడాదే మళ్లీ చిగురిస్తుంది. తెల్ల పైన్ ఏడాదికి ఒక్కసారే చిగురిస్తుంది. ఈ తేడా మరచి కత్తెర పట్టడం వల్లే చాలా మంచి చెట్లు పాడవుతున్నాయి.

తీగ బెరడులోకి దిగిపోయింది

కొమ్మను వంచి నిలపడానికి చుట్టే లోహపు తీగ ఇది. కొమ్మ ఏడాది పొడవునా ఒకే వేగంతో లావెక్కదు. ఎండాకాలం చివరి నుంచి చలి మొదలయ్యే దాకా గబగబా ఊరుతుంది. జులైలో వదులుగా కనిపించిన తీగ అక్టోబరుకల్లా బెరడును కోసేస్తుంది. ఏపుగా పెరిగే పై కొమ్మల్లో ఇది ముందుగా మొదలవుతుంది. అందుకే సెప్టెంబరు, అక్టోబరుల్లో వారం వారం ప్రతి చుట్టూ చూడాలి.

తీగను విప్పకండి. విప్పేటప్పుడు మెలిపడి పాత బెరడు పొలుసులు రాలతాయి, మొగ్గలు విరుగుతాయి. ఆ పొలుసు బెరడు రావడానికి దశాబ్దాలు పట్టింది. పది రూపాయల తీగను దాచుకోవడానికి దాన్ని పోగొట్టుకోకూడదు. బోన్సాయ్ తీగల కట్టర్‌ను తీగకు అడ్డంగా పట్టి ప్రతి చుట్టునూ ముక్కలు చేయండి. మామూలు కటింగ్ ప్లయర్ మొన బెరడుకు గుచ్చుకుంటుంది. లావు తీగైతే చుట్టుకు రెండు చోట్ల కోస్తే ముక్క దానంతటదే రాలుతుంది.

లోపల పూడిపోయిన భాగాన్ని చుట్టు తిరిగిన దిశలోనే మెల్లగా ఎత్తి చూడండి. బెరడు కూడా లేస్తుంటే ఆపేయండి. పైకి కనిపించే తీగను కోసేసి, మిగతాది లోపలే ఉంచడం మేలు. చుట్టు మెలికగా ఉంటుంది కాబట్టి రసం పక్కనుంచి పోతుంది, కొమ్మ బతుకుతుంది. పచ్చి చెక్క బయటపడిన చోట మాత్రమే గాయాల పేస్టు పూయండి. నల్ల పైన్‌లో మచ్చ కొన్నేళ్లకు గరుకు బెరడులో కలిసిపోతుంది. నున్నని తెల్ల పైన్ కొమ్మ మీద చాలాకాలం కనిపిస్తూనే ఉంటుంది.

తీగ తీయగానే కొమ్మ పైకి లేచింది

ముసలి కొమ్మ నెమ్మదిగా లావెక్కుతుంది, వంపు నిలబడటానికి కావలసినంత కొత్త చెక్క ఇంకా చేరలేదన్నమాట. మళ్లీ కట్టాలంటే పాత గాడిలో కాకుండా ఎదురు దిశలో చుట్టండి. కాల్చి మెత్తబరచిన రాగి తీగ, కొమ్మ మందంలో మూడో వంతు, 45 డిగ్రీల వాలుతో సరిపోతుంది. లావు కొమ్మకు చుట్టడం కంటే లాగి కట్టడం మంచిది. కొమ్మ మీద రబ్బరు గొట్టం ముక్క వేసి, సన్నని తీగతో కిందికి లాగి కుండీకి బిగించండి. బెరడుకు ఒక్క చోటే ఒత్తిడి ఉంటుంది.

కత్తిరించిన కొమ్మ ఎండిపోయింది

ఆ కొమ్మ మీద పచ్చని సూది ఒక్కటైనా మిగల్లేదు, అంతే. ఆకుల్లేని పాత చెక్క నుంచి పైన్ దాదాపు చిగురించదు. ఎండిన దాన్ని బతికించలేం. బెరడు ఒలిచి, జపనీయులు జిన్ అనే ఎండుకొమ్మగా ఉంచుకోవచ్చు. ఇకమీదట ఏ కొమ్మ పొట్టి చేసినా కోత దగ్గర ఆకుల గుత్తి వదలండి. లోపలికి వెలుగు పడి వెనక మొగ్గలు వచ్చాకే ఇంకా వెనక్కి కోయండి.

కొమ్మ మొత్తం తీసేయాలంటే బంక తక్కువగా కారే చలికాలంలో తీయాలి. 2, 3 సెంటీమీటర్ల మోడు వదిలి, అది ఎండాక గుంటగా కోసే కట్టర్‌తో సరిచేయండి. ఏడాదికి ఒక పెద్ద కోత చాలు. కుండీ మార్చిన ఏడాది అదీ వద్దు. వాషింగ్టన్ జాతీయ వృక్షోద్యానంలోని యమాకి అనే పేరున్న తెల్ల పైన్ 1625 నుంచి సాగులో ఉంది. 1945లో హిరోషిమాలో బాంబు పడినప్పుడు ఆ ఊళ్లోనే ఉండి తట్టుకుంది, 1976లో అమెరికాకు కానుకగా వెళ్లింది. వర్జీనియా, మేరీల్యాండ్‌లలోని తెలుగువాళ్లు ఒక పూట వెళ్లి ఆ బెరడు చూసి రావచ్చు. అంత బతికే చెట్టుకు ఒక ఏడాది ఆగడం నష్టం కాదు.

పైన గుబురు, లోపల నీరసం

పైన్ బలమంతా కొసలకే పోస్తుంది. నల్ల పైన్‌లో నవంబరు ప్రాంతంలో పాత సూదులు తీసి, ఈ ఏడాది సూదులను పలచన చేయండి. పై చిగుళ్లకు 5 నుంచి 7 జతలు, నడిమివాటికి 8 నుంచి 10 ఉంచండి. కింది బలహీన చిగుళ్లను ముట్టుకోకండి. సూదిని పెరిగిన దిశలోనే లాగాలి.

చిగుళ్లు కోస్తే రెండో చిగురు రాలేదు

చెట్టు నీరసంగా ఉండి ఉండాలి, లేదా ఆలస్యంగా కోశారు, లేదా అది తెల్ల పైన్. నల్ల పైన్‌కు మీ ఊళ్లో చలి మొదలయ్యే తేదీ నుంచి సుమారు 100 రోజులు వెనక్కి లెక్కపెట్టండి. టోక్యో వైపు అది జూన్ మధ్య నుంచి జులై మొదటి దాకా, పెద్ద చెట్లకు ముందు, చిన్నవాటికి తర్వాత. బలహీన చిగుళ్లు ముందు కోసి, బలమైనవి 10 రోజులాగి కోస్తే అన్నీ ఒకే తీరుగా వస్తాయి. వసంతంలో ఎరువు బాగా వేసి, కోసే రోజున తీసేయండి, కొత్త సూదులు గట్టిపడ్డాక మళ్లీ పెట్టండి. చిగురు రాని చెట్టుకు వచ్చే ఏడాది ఈ కోత పూర్తిగా మానేయండి. తెల్ల పైన్‌కైతే పొడవైన చిగుళ్లను మాత్రమే సూదులు విచ్చకముందు వేళ్లతో సగానికి తుంచండి.

సూదులు పసుపెక్కాయి

శరదృతువులో లోపలి పాతవి మాత్రమే అయితే మామూలే, దులిపేయండి. ఈ ఏడాది సూదుల కొసలు మాడుతుంటే వేళ్లు చూడాలి. కుండీలో పుల్లను 5 సెంటీమీటర్లు గుచ్చి పావుగంట తర్వాత తీయండి. నీరు పోసిన మూడో రోజు కూడా అది తడిగా వస్తుంటే మట్టి పొడై నీరు నిలుస్తోందని అర్థం. అప్పుడు తీగ, కత్తెర రెండూ పక్కన పెట్టి, వసంతంలో కుండీ మార్చండి.