చప్పుడు వచ్చిన వైపు చూడకండి

పాత యుద్ధ విమానాల వీడ్కోలు విన్యాసాలు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చప్పుడు వినిపించిన చోట విమానం ఉండదు.

గోదారి పాయ అవతలి రేవులో బట్టలుతికేవాళ్లని గమనించారా? బట్ట బండకి తగిలి, చెయ్యి మళ్లీ పైకి లేచాక గానీ ‘ధబ్’మన్న మోత మన గట్టుకి రాదు. ఇదీ అంతే. కిలోమీటరు దూరం రావడానికి శబ్దానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. గంటకి 500 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఈలోగా 400 మీటర్లు దాటిపోతుంది. కాబట్టి అది వెళ్తున్న దిక్కులో కాస్త ముందుకి వెతకండి.

ఫొటోల సంగతి. జెట్ విమానమైతే కెమెరా షట్టర్ స్పీడ్ 1/1000 సెకను పెట్టేయండి, చాలు. ప్రొపెల్లర్ విమానానికి మాత్రం అలా పెడితే ఫ్యాన్‌లా తిరిగే ప్రొపెల్లర్ రెక్కలు కదలకుండా, ఇంజన్ ఆగిపోయినట్టు వస్తుంది. చూస్తే మనకే టెన్షన్! 1/125 నుంచి 1/250 మధ్య పెట్టి, విమానంతో పాటే కెమెరానీ తిప్పాలి. చెయ్యి కుదరాలంటే ముందు మన చేలల్లో ట్రాక్టరు వెనకాల లేచే కొంగల మీద ప్రాక్టీస్ చేయండి. నాకు ఓ పూటంతా తోకలే వచ్చాయి.

అన్నట్టు, విశాఖ బీచ్‌లో 2017లో రిటైరైన నౌకాదళ నిఘా విమానం టీయూ-142 ఉందిగా, ఈసారి వెళ్తే దాని ప్రొపెల్లర్లు దగ్గర నుంచి చూడండి. ఒక్కో ఇంజన్‌కి ఒకదాని వెనక ఒకటి, రెండేసి ఉంటాయి. ఎగిరేటప్పుడు అవి ఎదురెదురు దిశల్లో తిరిగేవి.